మేజర్ (ఉన్నత విద్య)

మేజర్ అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాల కళాశాలల్లో బాచిలర్ డిగ్రీ చదివే విద్యార్థి ప్రధానంగా అధ్యయనం చేయడానికి ఎంచుకునే విషయం. తెలుగులో దీనిని ప్రధాన పాఠ్యాంశం అనవచ్చును. డిగ్రీకి కావలసిన మొత్తం చదువులో సుమారు మూడవ వంతు నుండి సగం వరకు మేజర్‌కు చెందుతుంది. మిగిలిన భాగం సామాన్య విద్యకు, ఐచ్ఛిక కోర్సులకు కేటాయించబడుతుంది.

చాలా కళాశాలల్లో విద్యార్థి చేరేనాటికే మేజర్‌ను నిర్ణయించుకోవలసిన పని లేదు. రెండవ సంవత్సరం ముగిసేలోగా ప్రకటిస్తే సరిపోతుంది. ప్రకటించిన తరువాత కూడా కొన్ని నియమాలకు లోబడి మార్చుకోవచ్చును. ఈ వెసులుబాటు సక్రమంగా పనిచేయడానికి ప్రతి కళాశాలలోను విద్యా సలహాదారులు, ట్యూటరింగ్ కేంద్రాలు, రచనా కేంద్రాలు, వృత్తి మార్గదర్శక కార్యాలయాలు మొదలైన సహాయ సేవలు ఉంటాయి. వీటిని సకాలంలో ఉపయోగించుకున్న విద్యార్థికి ఆలస్యంగా నిర్ణయించుకోవడం వలన పెద్దగా నష్టం కలుగదు. ఉపయోగించుకోని విద్యార్థికి అదే వెసులుబాటు అదనపు సెమిస్టర్లుగా, అదనపు ఖర్చుగా పరిణమించే అవకాశం ఉన్నది.

పేరు, సంబంధిత పదాలు

మేజర్ అనే పదం అన్ని విద్యాసంస్థల్లోను వాడుకలో లేదు. హార్వర్డు, బ్రౌన్ విశ్వవిద్యాలయాలలో దీనిని కాన్సెంట్రేషన్ అంటారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో విభాగాలను అంకెలతో పిలవడం ఆనవాయితీ. ఉదాహరణకు అక్కడ కోర్సు 6 అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు, కంప్యూటర్ సైన్సు విభాగం.

* మైనర్: మేజర్ కంటే తక్కువ కోర్సులతో పూర్తిచేసే రెండవ విషయం. ఇది సాధారణంగా ఐచ్ఛికం.
* డబుల్ మేజర్: ఒకే డిగ్రీలో రెండు మేజర్ల నియమాలను పూర్తిచేయడం.
* అన్‌డిక్లేర్డ్: ఇంకా మేజర్‌ను ప్రకటించని విద్యార్థి. కొన్ని సంస్థలు ఇదే స్థితిని ఎక్స్‌ప్లొరేటరీ అని పేర్కొంటాయి. ఇది లోపంగా పరిగణించబడదు.
* మెటా మేజర్: దగ్గరి సంబంధం గల అనేక మేజర్ల సముదాయం. ఆరోగ్య శాస్త్రాలు, వ్యాపార శాస్త్రాలు వంటి విశాలమైన రంగాన్ని ముందుగా ఎంచుకుని, అసలు మేజర్‌ను తరువాత నిర్ణయించుకునే వీలును ఇది కల్పిస్తుంది.

చరిత్ర

19వ శతాబ్దం మధ్యకాలం వరకు అమెరికా కళాశాలల్లో విద్యార్థులందరూ దాదాపు ఒకే పాఠ్యక్రమాన్ని చదివేవారు. లాటిన్, గ్రీకు, గణితం, తర్కం, నీతిశాస్త్రం అందులో ముఖ్యమైనవి. ఎంచుకోవడానికి ఏమీ లేనందున సలహా ఇచ్చే వ్యవస్థ అవసరం కూడా అంతగా ఉండేది కాదు. 1862లో వచ్చిన మోరిల్ చట్టం వలన వ్యవసాయం, యంత్రవిద్య బోధించే కళాశాలలు స్థాపించబడి, చదువుకోదగిన విషయాల సంఖ్య పెరిగింది.

1869 నుండి 1909 వరకు హార్వర్డు అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ విలియం ఎలియట్ నిర్బంధ కోర్సులను క్రమంగా తగ్గించి, విద్యార్థులే కోర్సులను ఎంచుకునే ఐచ్ఛిక విధానాన్ని విస్తరింపజేశాడు. 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తన 1877-78 సంవత్సరపు వివరణ పుస్తకంలో మేజర్, మైనర్ అనే పదాలను వాడింది. డేవిడ్ స్టార్ జోర్డాన్ 1885లో ఇండియానా విశ్వవిద్యాలయ అధ్యక్షుడై, ప్రతి విద్యార్థి ఒక ప్రధాన విషయాన్ని ఎంచుకుని ఆ విషయపు ఆచార్యుని మార్గదర్శకత్వంలో చదివే పద్ధతిని అమలుచేశాడు. 1891లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి తొలి అధ్యక్షుడిగా వెళ్ళినపుడు ఇదే పద్ధతిని అక్కడ కూడా ప్రవేశపెట్టాడు.

పూర్తి స్వేచ్ఛ వలన చాలామంది విద్యార్థులు ఏ విషయంలోను లోతుకు పోకుండా ప్రాథమిక కోర్సులతోనే డిగ్రీ ముగిస్తున్నారనే విమర్శ హార్వర్డులో బలపడింది. ఎలియట్ తరువాత అధ్యక్షుడైన లారెన్స్ లోవెల్ (1909-1933) ఒక విషయంలో లోతైన చదువును, ఇతర రంగాలలో కొంత పరిచయాన్ని తప్పనిసరి చేశాడు. నేటి డిగ్రీ నిర్మాణంలో కనిపించే మేజర్, సామాన్య విద్య అనే రెండు భాగాలకు ఈ ఆలోచనే ఆధారం.

సలహా వ్యవస్థ కూడా ఇదే క్రమంలో వృద్ధి చెందింది. ఒహాయో రాష్ట్రంలోని కెన్యాన్ కళాశాలలో 1841 నాటికే ప్రతి విద్యార్థి ఒక అధ్యాపకుడిని సలహాదారుగా ఎంచుకోవాలనే నియమం ఉండేది. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన రూథర్‌ఫర్డ్ హేస్ అప్పుడు అక్కడి విద్యార్థి. రెండవ ప్రపంచ యుద్ధపు సైనికుల చదువుకు సహాయం చేసిన 1944 నాటి జి.ఐ. బిల్లు, 1965 నాటి ఉన్నత విద్యా చట్టం కారణంగా అంతవరకు కళాశాల ముఖం చూడని కుటుంబాల నుండి విద్యార్థులు పెద్ద సంఖ్యలో చేరారు. వారికోసం 1968లో స్టూడెంట్ సపోర్ట్ సర్వీసెస్ అనే కేంద్ర కార్యక్రమం ఏర్పడింది. విద్యా సలహాదారుల జాతీయ సంఘం (నకాడా) 1979లో స్థాపించబడింది.

డిగ్రీ నిర్మాణం

సెమిస్టరు పద్ధతిని పాటించే కళాశాలల్లో బాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు అవసరం. క్వార్టర్ పద్ధతిలో ఇది 180 క్రెడిట్లకు సమానం. ఒక సాధారణ కోర్సుకు 3 క్రెడిట్లు ఉంటాయి. ప్రయోగశాల కలిగిన విజ్ఞాన శాస్త్ర కోర్సుకు తరచుగా 4 క్రెడిట్లు ఉంటాయి.

క్రెడిట్ల లెక్క చాలామంది విద్యార్థులకు ఆలస్యంగా తెలిసే విషయం. కేంద్ర ఆర్థిక సహాయ నియమాల ప్రకారం సెమిస్టరుకు 12 క్రెడిట్లు చదివే విద్యార్థి పూర్తికాలపు విద్యార్థిగా గుర్తింపబడతాడు. కాని సెమిస్టరుకు 12 చొప్పున 8 సెమిస్టర్లు చదివితే 96 క్రెడిట్లు మాత్రమే వస్తాయి. మిగిలిన 24 క్రెడిట్లకు అదే వేగంతో మరో రెండు సెమిస్టర్లు పడతాయి. నాలుగేళ్లలో డిగ్రీ పూర్తికావాలంటే సెమిస్టరుకు సగటున 15 క్రెడిట్లు చదవాలి, లేదా వేసవి కోర్సులతో లోటును పూడ్చుకోవాలి.

రెండవ ముఖ్యాంశం ముందస్తు అర్హత కోర్సులు. ఒక కోర్సులో చేరడానికి అంతకుముందు పూర్తిచేసి ఉండవలసిన కోర్సును ముందస్తు అర్హత కోర్సు అంటారు. ఇవి గొలుసుకట్టుగా ఉంటాయి. ఇంజనీరింగు మేజర్లలో కాల్క్యులస్ మొదటి భాగం పూర్తికానిదే రెండవ భాగానికి, అది పూర్తికానిదే తరువాతి గణిత కోర్సులకు అనుమతి లభించదు. కాల్క్యులస్‌కు సిద్ధంగా లేక అంతకు ముందరి మెట్టు అయిన ప్రీకాల్క్యులస్‌తో మొదలుపెట్టిన విద్యార్థి ఆ గొలుసులో ఒక సెమిస్టరు వెనుకబడి ఉంటాడు. కొన్ని పై స్థాయి కోర్సులు సంవత్సరానికి ఒక్కసారి మాత్రమే బోధించబడతాయి. అటువంటి కోర్సు ఒకటి తప్పిపోతే ఏడాది కాలం ఆగవలసి రావచ్చును. కాబట్టి మొత్తం క్రెడిట్ల సంఖ్య కంటే మిగిలిన గొలుసు పొడవే డిగ్రీ పూర్తయ్యే కాలాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది.

మేజర్‌ను ప్రకటించడం

చాలా కళాశాలల్లో విద్యార్థి రెండవ సంవత్సరం చివరిలోగా సంబంధిత విభాగంలో మేజర్‌ను నమోదు చేసుకుంటాడు. ఎం.ఐ.టి.లో మొదటి సంవత్సరం విద్యార్థులందరూ మేజర్ లేకుండానే చదివి, సంవత్సరం చివరిలో ఎంచుకుంటారు. ఇంజనీరింగు, నర్సింగు, సంగీతం, వాస్తుశిల్పం వంటి వాటికి మాత్రం అనేక సంస్థల్లో ప్రవేశ సమయంలోనే దరఖాస్తు చేయాలి.

సీట్ల కంటే ఆసక్తి గల విద్యార్థుల సంఖ్య ఎక్కువగా ఉన్న మేజర్లలో ప్రవేశం పరిమితంగా ఉంటుంది. కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఇటువంటి వాటిని ఇంపాక్టెడ్ మేజర్లు అంటారు. కంప్యూటర్ సైన్సు, నర్సింగు తరచుగా ఈ కోవకు చెందుతాయి. వీటిలో చేరడానికి విశ్వవిద్యాలయ ప్రవేశం ఒక్కటే సరిపోదు. ప్రాథమిక కోర్సులలో నిర్ణీత మార్కులు కూడా కావాలి. "ముందు ఏదో ఒక మేజర్‌లో చేరి తరువాత కంప్యూటర్ సైన్సుకు మారవచ్చు" అనే ఆలోచన ఇటువంటి చోట్ల ఫలించకపోవచ్చును.

ఎంపికలో పరిగణించే అంశాలు

ఆసక్తి. వృత్తి మార్గదర్శక కార్యాలయాలలో ఆసక్తులను అంచనా వేసే ప్రశ్నావళులు అందుబాటులో ఉంటాయి. వీటిలో స్ట్రాంగ్ ప్రశ్నావళి 1927లో మొదటిసారి వెలువడింది. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం మనుషుల వృత్తిపరమైన అభిరుచులను ఆరు రకాలుగా విభజిస్తుంది. ఇవి ఆసక్తిని మాత్రమే సూచిస్తాయి, సామర్థ్యాన్ని కొలవవు.

సామర్థ్యం. ఒక విషయపు తొలి కోర్సులలో వచ్చే ఫలితం ముఖ్యమైన సూచిక. ప్రాథమిక కోర్సులో అతి కష్టం మీద ఉత్తీర్ణుడైన విద్యార్థికి దానిపై ఆధారపడిన పై కోర్సులు మరింత కష్టమవుతాయి. అయితే ఒక్క కోర్సులో తక్కువ మార్కులు రావడానికి పునాది లోపం, చదివే పద్ధతి, అనారోగ్యం, ఉద్యోగ భారం వంటి కారణాలు కూడా ఉండవచ్చును. కారణం తెలుసుకోకుండా మేజర్ మార్చుకుంటే అదే సమస్య కొత్త మేజర్‌లోనూ ఎదురుకావచ్చును.

సంపాదన. మేజర్ల మధ్య సంపాదనలో పెద్ద తేడాలు ఉన్నాయి. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన నివేదికలో బాచిలర్ డిగ్రీ కలిగి పూర్తికాలం పనిచేసేవారి మధ్యస్థ వార్షిక ఆదాయం పెట్రోలియం ఇంజనీరింగు మేజర్‌కు 1,20,000 డాలర్లు, కౌన్సెలింగ్ మనస్తత్వ శాస్త్రానికి 29,000 డాలర్లు. మధ్యస్థ విలువ అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ అని అర్థం. ఒకే మేజర్ చదివిన వారి మధ్య కూడా తేడాలు ఎక్కువే కాబట్టి ఈ అంకెలు ఒక వ్యక్తి భవిష్యత్తును చెప్పలేవు.

వృత్తితో సంబంధం. అన్ని మేజర్లూ ఒక నిర్ణీత ఉద్యోగానికి దారితీయవు. నర్సింగు, అకౌంటింగు, ఇంజనీరింగు వంటివి వృత్తితో నేరుగా ముడిపడి ఉంటాయి. చరిత్ర, తత్వశాస్త్రం, గణితం వంటివి అనేక వృత్తులకు పునాదిగా ఉపయోగపడతాయి. అమెరికాలో వైద్య విద్య, న్యాయ విద్య బాచిలర్ డిగ్రీ తరువాతే మొదలవుతాయి. ప్రీ-మెడ్ అనేది సాధారణంగా ఒక మేజర్ కాదు. అది వైద్య కళాశాలలు కోరే జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, భౌతిక శాస్త్రం మొదలైన కోర్సుల సమాహారం. ఆ కోర్సులను పూర్తిచేస్తే సంగీతం మేజర్‌గా చదివిన విద్యార్థి కూడా వైద్య కళాశాలకు దరఖాస్తు చేయవచ్చును.

2021-22 విద్యా సంవత్సరంలో అమెరికాలో సుమారు 20 లక్షల బాచిలర్ డిగ్రీలు ప్రదానం చేయబడ్డాయి. వీటిలో వ్యాపార శాస్త్రాల వాటా సుమారు 19 శాతం కాగా, ఆరోగ్య సంబంధిత విషయాలది సుమారు 13 శాతం.

మేజర్ మార్చుకోవడం

మేజర్ మార్చుకోవడం అసాధారణం కాదు. అమెరికా జాతీయ విద్యా గణాంక కేంద్రం 2017లో వెలువరించిన విశ్లేషణ ప్రకారం, మేజర్ ప్రకటించిన బాచిలర్ డిగ్రీ విద్యార్థులలో సుమారు 30 శాతం మంది చేరిన మూడేళ్లలోపు కనీసం ఒకసారి మేజర్ మార్చుకున్నారు. ప్రతి పదిమందిలో సుమారు ఒకరు ఒకటి కంటే ఎక్కువ సార్లు మార్చుకున్నారు. గణితంతో మొదలుపెట్టిన వారిలో కనీసం ఒకసారి మార్చుకున్నవారు 52 శాతం.

మార్పు వలన కలిగే నష్టం, అది ఎప్పుడు జరిగింది, ఏ విషయం నుండి ఏ విషయానికి జరిగింది అనేదానిపై ఆధారపడి ఉంటుంది. పాత మేజర్‌లో సంపాదించిన క్రెడిట్లు సాధారణంగా రద్దు కావు. అవి ఐచ్ఛిక కోర్సులుగా లెక్కలోకి వస్తాయి. కాని ఐచ్ఛిక కోర్సులకు ఉన్న చోటు పరిమితం. ఆ పరిమితి దాటిన క్రెడిట్లు డిగ్రీకి ఉపయోగపడవు. మొదటి సంవత్సరంలో భౌతిక శాస్త్రం నుండి గణితానికి మారిన విద్యార్థి పెద్దగా నష్టపోకపోవచ్చును. మూడవ సంవత్సరంలో చరిత్ర నుండి ఇంజనీరింగుకు మారిన విద్యార్థి దాదాపు మొదటి మెట్టు నుండి గొలుసును ప్రారంభించవలసి వస్తుంది.

కేంద్ర ఆర్థిక సహాయానికి కూడా హద్దులు కలవు. సహాయం పొందే విద్యార్థి సంతృప్తికరమైన ప్రగతిని చూపాలి. డిగ్రీకి ప్రకటించిన క్రెడిట్లకు ఒకటిన్నర రెట్లు మించి ప్రయత్నించరాదు. అంటే 120 క్రెడిట్ల డిగ్రీకి 180 క్రెడిట్లు గరిష్ఠ పరిమితి. మధ్యలో విరమించుకున్న కోర్సులు, ఉత్తీర్ణత లేని కోర్సులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. తక్కువ ఆదాయం గల కుటుంబాల విద్యార్థులకు ఇచ్చే పెల్ గ్రాంటు 12 సెమిస్టర్లకు సమానమైన కాలం వరకే లభిస్తుంది.

విద్యా సహాయ సేవలు

ఈ సేవల ఖర్చు చాలా కళాశాలల్లో బోధనా రుసుములోనో ఇతర రుసుములలోనో కలిసి ఉంటుంది. వాటిని ఉపయోగించుకున్నా, ఉపయోగించుకోకపోయినా విద్యార్థి ఆ రుసుము చెల్లించినట్లే.

విద్యా సలహాదారు. ప్రతి విద్యార్థికి ఒక సలహాదారు కేటాయించబడతాడు. కొన్ని చోట్ల అధ్యాపకులు, కొన్ని చోట్ల ఇదే వృత్తిగా గల ఉద్యోగులు ఈ పని చేస్తారు. చాలా కళాశాలల్లో సలహాదారును కలిసేవరకు తరువాతి సెమిస్టరు నమోదు నిలిపివేయబడుతుంది. దీనిని ఒక లాంఛనంగా భావించి సంతకం కోసం మాత్రమే వెళ్లే విద్యార్థులు ఉన్నారు. సలహాదారుతో కలిసి చూడవలసిన ముఖ్యమైన పత్రం డిగ్రీ ఆడిట్. పూర్తయిన నియమాలు, మిగిలిన నియమాలు, లెక్కలోకి రాని కోర్సులు అందులో కనిపిస్తాయి. ఆలోచనలో ఉన్న మరొక మేజర్‌కు మారితే ఏమి మిగులుతుందో కూడా చాలా కళాశాలల ఆడిట్ వ్యవస్థలు ముందుగానే చూపగలవు.

ఆచార్యుల కార్యాలయ వేళలు. ప్రతి అధ్యాపకుడు వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసం కేటాయిస్తాడు. ముందస్తు అనుమతి లేకుండానే వెళ్లి పాఠంలోని సందేహాలను, ఆ విషయంలో పై చదువులను గురించి అడగవచ్చును. తప్పు చేసిన విద్యార్థులను పిలిపించే సమయం ఇది అనే అపోహ కొత్త విద్యార్థులలో కనిపిస్తుంది. పరిశోధనలో సహాయకులుగా అవకాశాలు, సిఫారసు లేఖలు తరచుగా ఈ పరిచయాల ద్వారానే లభిస్తాయి.

ట్యూటరింగ్, సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్. ట్యూటరింగ్ కేంద్రాలలో ఆయా కోర్సులలో మంచి ఫలితం పొందిన పై తరగతుల విద్యార్థులు సహాయం చేస్తారు. సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అనే పద్ధతి 1973లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సస్ సిటీ ప్రాంగణంలో డియానా మార్టిన్ రూపొందించినది. ఇది వెనుకబడిన విద్యార్థులను కాక, ఎక్కువమంది తప్పుతున్న కోర్సులను గుర్తిస్తుంది. ఆ కోర్సును అంతకుముందు విజయవంతంగా పూర్తిచేసిన విద్యార్థి తిరిగి తరగతులకు హాజరై, వారంలో కొన్నిసార్లు సామూహిక అధ్యయనాన్ని నడుపుతాడు. తరగతిలోని అందరూ హాజరు కావచ్చు కాబట్టి "బలహీనుల తరగతి" అనే ముద్ర దీనిపై పడదు.

రచనా కేంద్రం. వ్యాసాలు, నివేదికలు రాయడంలో సహాయం చేస్తుంది. పర్డ్యూ విశ్వవిద్యాలయపు రచనా కేంద్రం 1976లో, దాని అంతర్జాల విభాగం 1994లో ప్రారంభమయ్యాయి. రచనా కేంద్రంలో తప్పులు దిద్ది ఇవ్వరు. వాదం ఎక్కడ తెగిపోయింది, ఆధారం ఎక్కడ చాలదు అని ప్రశ్నలు వేసి రచయితతోనే సవరింపజేస్తారు. అందువలన గడువుకు ముందు రాత్రి వెళ్ళిన విద్యార్థికి ప్రయోజనం తక్కువ.

వైకల్య సేవల కార్యాలయం. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ విభాగం, 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం అర్హులైన విద్యార్థులకు పరీక్షలో అదనపు సమయం, నోట్సు సహాయం వంటి సదుపాయాలు కల్పించాలి. పాఠశాలలో ఈ అవసరాన్ని గుర్తించే బాధ్యత పాఠశాలదే. కళాశాలలో మాత్రం విద్యార్థి స్వయంగా దరఖాస్తు చేసి ఆధారాలు సమర్పించాలి. అనుమతికి ముందు రాసిన పరీక్షలకు సాధారణంగా సదుపాయం వర్తించదు.

వృత్తి మార్గదర్శక కార్యాలయం. ఆసక్తి ప్రశ్నావళులు, ఇంటర్న్‌షిప్‌లు, ఉద్యోగ మేళాలు, పూర్వ విద్యార్థులతో పరిచయాలు దీని పరిధిలోకి వస్తాయి. చాలామంది చివరి సంవత్సరంలోనే ఇక్కడికి వస్తారు. మేజర్ ఎంపికకు ఉపయోగపడాలంటే మొదటి, రెండవ సంవత్సరాలలోనే రావాలి.

స్టూడెంట్ సపోర్ట్ సర్వీసెస్. కుటుంబంలో మొదటి తరంగా కళాశాలకు వచ్చినవారు, తక్కువ ఆదాయం గలవారు, వైకల్యం గలవారు దీనికి అర్హులు. కేంద్ర నిధులు పొందిన కళాశాలల్లో మాత్రమే ఉంటుంది.

గడువులు, గోప్యత

ప్రతి సెమిస్టరులోను రెండు గడువులు ముఖ్యమైనవి. మొదటిది చేర్పు-తొలగింపు గడువు. దీనిలోపు వదిలిన కోర్సు రికార్డులో కనిపించదు. రెండవది విరమణ గడువు. దీనిలోపు వదిలిన కోర్సుకు డబ్ల్యూ అనే గుర్తు పడుతుంది, కాని సగటు మార్కులపై ప్రభావం ఉండదు. ఈ గడువు దాటిన తరువాత తప్పిన కోర్సు సగటును తగ్గిస్తుంది. సగటు 2.0 కంటే తగ్గితే సాధారణంగా విద్యార్థిని పరిశీలనలో ఉంచుతారు. మొదటి పరీక్ష ఫలితం రాగానే సలహాదారును కలిసిన విద్యార్థికి ట్యూటరింగ్, విరమణ, కొనసాగింపు అనే మూడు దారులూ తెరిచి ఉంటాయి. సెమిస్టరు చివరివారంలో కలిసిన విద్యార్థికి సాధారణంగా ఒక్క దారే మిగులుతుంది.

1974 నాటి విద్యా గోప్యత చట్టం (ఫెర్పా) ప్రకారం కళాశాలలో చేరిన విద్యార్థి రికార్డులపై హక్కులు తల్లిదండ్రుల నుండి విద్యార్థికి బదిలీ అవుతాయి. విద్యార్థి లిఖితపూర్వక అనుమతి లేకుండా, చట్టంలోని కొన్ని మినహాయింపులు తప్ప, కళాశాల తల్లిదండ్రులకు మార్కులు చెప్పదు. ఫీజు చెల్లించే తల్లిదండ్రులకు ఇంటికి నివేదిక వస్తుందనే హామీ లేదు. కష్టంలో ఉన్న విషయాన్ని బయటపెట్టవలసిన బాధ్యత ప్రధానంగా విద్యార్థిదే.

విదేశీ విద్యార్థులు

ఎఫ్-1 వీసాపై బాచిలర్ డిగ్రీ చదివేవారు సాధారణంగా సెమిస్టరుకు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. కష్టంగా ఉన్న కోర్సును వదలడం వలన ఈ సంఖ్య తగ్గితే వీసా హోదాకు భంగం కలుగుతుంది. కొన్ని పరిస్థితులలో తక్కువ క్రెడిట్లకు అనుమతి లభిస్తుంది, కాని కోర్సు వదలడానికి ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుండి ఆ అనుమతి పొందాలి. మేజర్ మార్పును కూడా ఈ కార్యాలయానికి తెలియజేసి ఐ-20 పత్రాన్ని సవరింపజేసుకోవాలి.

చదువు తరువాత పనిచేసే అనుమతి (ఓపీటీ) సాధారణంగా 12 నెలలు. విజ్ఞానశాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత రంగాల పట్టభద్రులకు 2008లో అదనంగా 17 నెలల పొడిగింపు ఇవ్వబడింది. 2016లో దీనిని 24 నెలలకు పెంచారు. ఈ పొడిగింపుకు మేజర్ పేరు కాక, దానికి ఇచ్చిన వర్గీకరణ సంకేతం ఆధారం. ఒకే పేరు గల మేజర్‌కు రెండు విశ్వవిద్యాలయాలలో వేర్వేరు సంకేతాలు ఉండవచ్చును. తెలుగు రాష్ట్రాల నుండి వెళ్ళే విద్యార్థులలో ఎక్కువమంది మాస్టర్స్ డిగ్రీకి వెళతారు. వారికి విషయం ప్రవేశ సమయంలోనే నిర్ణయమై ఉంటుంది, కాని పై నియమాలలో ఓపీటీకి సంబంధించినవి వారికీ వర్తిస్తాయి.

తెలుగు రాష్ట్రాలలో విధానంతో పోలిక

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ప్రధానమైన ఎంపిక పదవ తరగతి తరువాత, అంటే 15-16 ఏళ్ల వయసులో జరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ వంటి గ్రూపులలో ఒకదానిని తీసుకోవాలి. చాలా ఇంజనీరింగు శాఖలకు ఇంటర్మీడియట్‌లో గణితం, వైద్య విద్యకు జీవశాస్త్రం తప్పనిసరి. ఇంజనీరింగులో చేరే విద్యార్థికి ప్రవేశ పరీక్ష ర్యాంకు ఆధారంగా కౌన్సెలింగులోనే శాఖ నిర్ణయమవుతుంది. ఇక్కడి కౌన్సెలింగు సీట్ల కేటాయింపు ప్రక్రియ. అమెరికా కళాశాలల్లో అదే మాట మానసిక, విద్యా సంబంధ సలహాను సూచిస్తుంది.

2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం (ఆర్జీయూకేటీ) దీనికి కొంత భిన్నమైన పద్ధతిని అనుసరించింది. పదవ తరగతి తరువాత ఆరేళ్ల సమీకృత కోర్సులో చేరిన విద్యార్థులు మొదటి రెండేళ్లు ప్రీ యూనివర్సిటీ కోర్సు చదివి, ఆ తరువాత ఇంజనీరింగు శాఖలోకి వెళతారు.

సాధారణ డిగ్రీలో చాలాకాలం మూడు విషయాలను సమానంగా చదివే పద్ధతి ఉండేది. గణితం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం కలిసిన బీఎస్సీ ఇందుకు ఉదాహరణ. 2020 నాటి జాతీయ విద్యా విధానం తరువాత, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం మేజర్, మైనర్ విధానాన్ని సూచించింది. దీని ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లలో కనీసం 60, నాలుగేళ్ల డిగ్రీకి 160లో కనీసం 80 మేజర్‌కు చెందాలి. రెండవ సెమిస్టరు చివరిలో అదే విశాల రంగంలో మేజర్ మార్చుకునే వెసులుబాటును కూడా ఆ చట్రం పేర్కొన్నది. ఆంధ్ర ప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరం నుండి సాధారణ డిగ్రీ కోర్సులలో సింగిల్ మేజర్ విధానం ప్రవేశపెట్టబడింది. మేజర్ అనే పేరు వచ్చినంత మాత్రాన అమెరికా విధానంతో పోలిక పూర్తికాదు. ఎంపికను వాయిదా వేసే అవకాశం, మార్చుకునే అవకాశం, ఆ రెండింటికీ తోడ్పడే సలహా సిబ్బంది కూడా ఆ విధానంలో భాగాలు.

విమర్శలు

మేజర్ విధానంపై వచ్చే విమర్శలలో ముఖ్యమైనది స్వేచ్ఛ ఫలితం అందరికీ సమానంగా అందదు అనేది. తల్లిదండ్రులు కళాశాలలో చదివిన విద్యార్థికి ఆడిట్, గడువు, కార్యాలయ వేళలు వంటి మాటలు ఇంట్లోనే తెలుస్తాయి. మొదటి తరం విద్యార్థి వాటిని తప్పు చేసిన తరువాత తెలుసుకుంటాడు. సహాయం అడగడం తెలివితక్కువతనానికి గుర్తు అనే భావన కూడా సేవల వినియోగాన్ని తగ్గిస్తుంది. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఒక్కో సలహాదారుకు వందల సంఖ్యలో విద్యార్థులు ఉండటం మరొక సమస్య.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి కొన్ని సంస్థలు విద్యార్థి వచ్చేవరకు ఆగకుండా తామే ముందుగా పలకరించే పద్ధతిని చేపట్టాయి. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2012లో ప్రతి విద్యార్థి నమోదు, మార్కులను గణక యంత్రాల ద్వారా నిరంతరం పరిశీలించే వ్యవస్థను ప్రారంభించింది. మేజర్‌కు పనికిరాని కోర్సులో నమోదు కావడం, కీలకమైన తొలి కోర్సులో తక్కువ మార్కులు రావడం వంటి సంకేతాలు కనిపించగానే సలహాదారు విద్యార్థిని సంప్రదిస్తాడు. ఇందుకోసం సలహాదారుల సంఖ్యను కూడా పెంచారు. పాత మార్కుల ఆధారంగా యంత్రం చేసే అంచనా కొందరిని కష్టమైన మేజర్ల నుండి ముందుగానే తప్పించే ప్రమాదం ఉన్నదని ఇటువంటి వ్యవస్థల విమర్శకులు అంటారు. హెచ్చరిక వచ్చిన తరువాత విద్యార్థికి ట్యూటరింగ్ చూపుతారా, మరో మేజర్ చూపుతారా అనేది సలహాదారు విచక్షణపై ఆధారపడి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* బాచిలర్ డిగ్రీ
* ఇంటర్మీడియట్ విద్య
* విశ్వవిద్యాలయ నిధుల సంఘం
* జాతీయ విద్యా విధానం 2020
* రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం